రోహిణి కార్తె రాకముందే: పెద్దవాళ్లు తల తిరిగి తూలుతుంటే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఉగాది దాటితే నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఎండ ముదురుతుంది. మే ఆఖరుకు రోహిణి కార్తె, వడగాడ్పులు. డెబ్భై దాటినవాళ్లున్న ఇళ్లలో ఈ రోజుల్లో తరచూ వినపడే మాట, "ఏందోమ్మా, లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్మతన్నాయి" అని. వెంటనే ఎవరో ఒకరు పైత్యమనో, నీరసమనో తేల్చేస్తారు. పొదలకూరు నిమ్మకాయ పిండి, ఇంత ఉప్పేసి తాగించి పడుకోబెడతారు. కాసేపటికి తగ్గుతుంది, అందరూ మర్చిపోతారు. నాకు భయం ఇక్కడే. రెండోసారి అదే తూలు బాత్రూంలో వస్తే తుంటి ఎముక విరుగుతుంది. ఆ వయసులో తుంటి విరిగినవాళ్లలో చాలామంది మళ్లీ మునుపటిలా నడవలేరు. అందుకే ఎండలు ముదరకముందే కారణం పట్టుకోవాలి.

డాక్టరు దగ్గర "కళ్లు తిరుగుతున్నాయి" అని ఊరుకుంటే సరిపోదు. ఇల్లంతా గిర్రున తిరిగినట్టుందా, చీకట్లు కమ్మి పడిపోతామనిపిస్తోందా, లేక తల బాగానే ఉండి కాళ్లు తూలుతున్నాయా? ఏం చేస్తుండగా వచ్చింది? ఎంతసేపుంది, క్షణాలా, గంటలా, రోజులా? ఇవి గమనించి చెబితే డాక్టరుకు సగం దారి దొరికినట్టే.

మన ఎండల్లో ముందుగా అనుమానించాల్సింది, లేచి నిలబడగానే బీపీ పడిపోవడాన్ని. నిలబడినప్పుడు రక్తం కాళ్లలోకి దిగుతుంది. వయసులో ఉన్నవాళ్లకు రక్తనాళాలు వెంటనే బిగిసి సర్దుకుంటాయి, పెద్దవయసులో ఆ సర్దుబాటు నెమ్మదిస్తుంది. పైగా వాళ్లకు దాహం సరిగా తెలియదు. చెమటలకు ఒంట్లో నీరు తగ్గిపోతున్నా, చలికాలంలో రాసిచ్చిన బీపీ మాత్రలు అదే మోతాదులో సాగుతుంటాయి. మూత్రం ఎక్కువగా పోయేందుకిచ్చే మాత్ర, ప్రొస్టేట్ కోసం రాత్రిళ్లు వేసుకునే టామ్సులోసిన్, నిద్రమాత్ర కూడా తోడయ్యాయంటే అర్ధరాత్రి మూత్రానికి లేచినప్పుడు పడిపోవడంలో వింతేం లేదు.

ఇంట్లో బీపీ మిషను ఉంటే ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి చూడండి. తర్వాత నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పక్కన ఒకరు పట్టుకునే ఉండాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే ఆ అంకెలు రాసుకుని డాక్టరుకు చూపించి, ఎండాకాలానికి మోతాదు మార్చాలేమో అడగండి. మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. కొన్ని బీపీ, గుండె మాత్రలు ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

మాత్రల సంచి కూడా ఒకసారి మంచం మీద కుమ్మరించి చూడండి. మా అమ్మ సంచిలో ఆమ్లోడిపిన్ అనే బీపీ మందు రెండు పేర్లతో కనబడింది. ఒకటి గుండె డాక్టరు చీటీ మీద రాసింది, ఇంకొకటి మోకాళ్ల నొప్పికి పోయిన చోట బీపీ ఎక్కువుందని రాసింది. రేకు మీద కంపెనీ పేరు పెద్దక్షరాల్లో, లోపలి మందు పేరు చీమ తలకాయంత అక్షరాల్లో. అమ్మ రెండూ క్రమం తప్పకుండా వేసుకుంటోంది. ఏ మాత్ర దేనికో తెలియనప్పుడు సంచి సంచిగానే డాక్టరు బల్ల మీద పెట్టడం మేలు.

లేచే పద్ధతి కూడా నేర్పాలి. మెలకువ రాగానే పాదాలు నాలుగుసార్లు పైకీ కిందికీ ఆడించాలి. మంచం అంచున కాళ్లు వేలాడేసి ఒకటి రెండు నిమిషాలు కూర్చోవాలి. పట్టుకుని నిలబడి, తల కుదుటపడ్డాకే అడుగు వేయాలి.

లేచినప్పుడు కాకుండా, పక్కమీద ఒక వైపు తిరిగినప్పుడో, అటక మీదికి తలెత్తినప్పుడో ఇల్లు గిర్రున తిరిగి, నిమిషం లోపే తగ్గిపోతుంటే చెవిని అనుమానించాలి. లోపలి చెవిలో ఇసుక రేణువుల్లాంటి కాల్షియం స్ఫటికాలు ఉంటాయి. అవి చోటు తప్పి పక్కనున్న గొట్టాల్లోకి జారితే ఇలా జరుగుతుంది. భయపెడుతుంది గానీ ప్రాణాంతకం కాదు. ఎప్లీ అనే పద్ధతిలో చెవి డాక్టరు తలను వరసగా నాలుగు వైపులకు తిప్పి వాటిని వెనక్కి పంపుతారు, పది నిమిషాల పని. మాత్రలతో ఆ రేణువులు కదలవు. నెలల తరబడి సిన్నారిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ లాంటి తల తిరుగుడు మాత్రలు మెడికల్ షాపులో అడిగి కొనుక్కు మింగితే పెద్దవాళ్లకు చేతులు వణకడం, నడక బిగుసుకుపోవడం కొత్తగా మొదలవ్వొచ్చు. ఈ మాట నలుగురికీ చెప్పండి.

షుగరున్నవాళ్లకు వేరే ప్రమాదం ఉంది. మా వైపు మాలకొండ నరసింహస్వామి గుడి తీసేదే శనివారం. పెద్దవాళ్లు శనివారం ఒక్కపొద్దు ఉంటారు. పొద్దున గ్లిమెపిరైడ్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వేసుకుని, ఏమీ తినకుండా ఎండలో కొండెక్కితే షుగరు పడిపోతుంది. చల్లటి చెమట, వణుకు, మాట తడబాటు ఉంటే 70 లోపు ఉన్నట్టే అనుకోండి. తెలివిలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ పరీక్షించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు. ఒక్కపొద్దు ఉండాలనుకుంటే మందు సంగతి ముందురోజే డాక్టరును అడగాలి. స్వామి ఏమీ అనుకోడు.

కొందరికి తల తిరగదు, నడకే తూలుతుంది. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే పక్కకు ఒరిగిపోతున్నారా? చీకట్లో గోడ పట్టుకుంటున్నారా? పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు. షుగరు వల్ల కావచ్చు, విటమిన్ బీ12 తక్కువై కావచ్చు. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర ఏళ్ల తరబడి వాడేవాళ్లకు బీ12 తగ్గొచ్చు, రక్తపరీక్షలో తెలుస్తుంది. రక్తహీనత, శుక్లాలు, గుండె లయ తప్పడం కూడా చూడాల్సినవే. ఒక ఈసీజీ తీయిస్తే పోయేదేం లేదు. మెడ ఎముకల అరుగుదలంటారా, ఆ వయసులో ఎక్స్‌రే తీస్తే దాదాపు అందరికీ కనిపిస్తుంది. అదే కారణమని అక్కడితో ఆగిపోవద్దు.

ఇంటి సంగతి. చీమకుర్తి గ్రానైట్ అందంగా ఉంటుంది, తడిస్తే అంతే జారుతుంది. బాత్రూంలో జారని చాప, గోడకు గట్టి కడ్డీ పెట్టించండి. ఉక్కపోతకు డాబా మీద పడుకునే అలవాటుంటే, పెద్దవాళ్లు రాత్రి ఒక్కళ్లే మెట్లు దిగకుండా చూడండి. కరెంటు పోతుంది కాబట్టి తలగడ పక్కన టార్చి ఉండాలి. మజ్జిగ, నీళ్లు దాహం వేయకపోయినా గంటకోసారి చేతికివ్వండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు మాత్రం నీళ్లెంత, ఉప్పెంత అన్నది డాక్టరు చెప్పాలి.

ఇక ఆలస్యం చేయకూడనివి. ఉన్నట్టుండి తల తిరగడంతో పాటు మాట ముద్దగా రావడం, మూతి వంకర, ఒకటి రెండుగా కనిపించడం, ఒక పక్క బలం తగ్గడం, మింగలేకపోవడం, ఎప్పుడూ లేనంత తలనొప్పి, పట్టుకున్నా నిలబడలేకపోవడం పక్షవాతపు గుర్తులు. ఛాతీలో నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం గుండెవి. ఒళ్లు కాలిపోతూ మాట పొంతన తప్పితే వడదెబ్బ. ఏదైనా సరే, వెంటనే 108కి ఫోన్ చేయండి. పక్షవాతంలో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపే ఇవ్వాలి, అదీ మెదడులో రక్తస్రావం లేదని సీటీ స్కాన్‌లో చూశాకే. అందుకని ఆస్పిరిన్ మింగించొద్దు, నిమ్మనీళ్లూ పట్టొద్దు. మీకు దగ్గర్లో రాత్రిపూట కూడా సీటీ తీసే ఆస్పత్రి ఏదో ఈ వారమే కనుక్కుని పెట్టుకోండి. అక్కడ డాక్టరు ముందుగా అడిగేది, మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకని. ఇంట్లో ఎవరు చూశారో వాళ్లే వెంట వెళ్లాలి, మాత్రల సంచి తీసుకుని.