వెబ్ పేజీ టైటిల్ ఎలా రాయాలి: పూతరేకుల షాపు సైటుతో ఉదాహరణ

ముందు ఒక పని చేయండి. గూగుల్ ఓపెన్ చేసి సైట్ అనే పదం ఇంగ్లీష్‌లో కొట్టి, పక్కనే కోలన్ పెట్టి, గ్యాప్ ఇవ్వకుండా మీ డొమైన్ పేరు, అంటే సైటు అడ్రస్, టైప్ చేయండి. మీ సైటువి గూగుల్ దగ్గరున్న పేజీలు, అన్నీ కాకపోయినా చాలావరకు వరసగా వస్తాయి. కింద మ్యాటర్ వదిలేసి పెద్ద అక్షరాల్లో ఉండే ఆ ఒక్క లైనే చదువుకుంటూ వెళ్ళండి, మీ సైటు సంగతి అస్సలు తెలియని మనిషిలా చదవండి. చాలా చిన్న షాపుల సైట్లలో కనిపించేది ఏంటంటే హోమ్, ప్రొడక్ట్స్, అబౌట్ అస్, మళ్ళీ ప్రొడక్ట్స్. అక్కడ ఏం అమ్ముతున్నారో లోపలికి వెళ్తే గానీ తెలీదు, తెలీనప్పుడు లోపలికి ఎందుకు వెళ్తారు చెప్పండి.

ఆ లైనే టైటిల్. పేజీ కోడ్‌లో హెడ్ భాగంలో ఉంటుంది, బ్రౌజర్ ట్యాబ్ మీద కనిపించేదీ అదే. మీ సైటు వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో కట్టింది అయితే, దానికి తగిలించుకునే యోస్ట్, ర్యాంక్ మ్యాథ్ లాంటి ప్లగిన్‌లో ఎస్ఈఓ టైటిల్ (సెర్చ్‌లో కనిపించే టైటిల్) అని బాక్స్ ఉంటుంది, అక్కడ మార్చుకోవచ్చు. దాని పక్కన కీవర్డ్స్ మెటా ట్యాగ్, అంటే వెతికే మాటలు రాసే బాక్స్, కనిపిస్తే టైమ్ పెట్టొద్దు, ర్యాంకింగ్‌కి దాన్ని వాడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

ఇప్పుడు ఆత్రేయపురం పూతరేకులు ఆన్‌లైన్‌లో అమ్మే షాపు ఒకటి ఉందనుకుందాం. హోమ్ పేజీకి "హోమ్ - మా ఫుడ్స్" అని కాకుండా "ఆత్రేయపురం పూతరేకులు ఆన్‌లైన్ ఆర్డర్ | మా ఫుడ్స్" అని పెట్టండి. వెతికే మాట ముందు, షాపు పేరు చివర. మీ షాపు పేరు కొట్టి వెతికేవాళ్ళు ఎలాగూ మిమ్మల్ని కనుక్కుంటారు, పేరు తెలియని వాళ్ళ కోసమే ఈ తిప్పలన్నీ. పైగా ఇప్పుడు గూగుల్ టైటిల్ పైన సైటు పేరు విడిగా చూపిస్తోంది కాబట్టి లోపలి పేజీలన్నిట్లో పేరు ఇరికించక్కర్లేదు. ఊరి పేరు మాత్రం వదలకండి, ఆ పూతరేకులకి 2023లో జీఐ ట్యాగ్ (సరుకు ఫలానా ఊరిదని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది, జనం ఊరి పేరుతోనే వెతుకుతారు. సరుకు నిజంగా అక్కడిదైతేనే సుమా.

లోపలి పేజీల దగ్గరే అసలు పని. ఒక్కో పేజీకి ఒక్కో టైటిల్ ఉండాలి, రెండు పేజీలకి ఒకటే టైటిల్ సరిపోతోందంటే ఆ రెండు పేజీలు నిజంగా అవసరమా అని కూడా ఆలోచించాలి. బెల్లం పూతరేకుల పేజీకి "బెల్లం పూతరేకులు, నెయ్యి జీడిపప్పుతో – 10 పీసుల బాక్స్". డెలివరీ పేజీకి "షిప్పింగ్ పాలసీ" అని ఎవరు వెతుకుతారండీ, "పూతరేకులు అమెరికాకి పంపడం: ఛార్జీలు, పట్టే రోజులు" అంటే డల్లాస్‌లో ఉన్న కూతురికి పంపాలనుకునే అమ్మ ఆగి చూస్తుంది. ఆ పేజీలో ఛార్జీలు నిజంగా ఉండాలి మరి, లోపలికి వెళ్తే "వివరాలకు కాల్ చేయండి" అని ఉంటే వెంటనే వెనక్కి పోతారు. "పూతరేకులు, బెస్ట్ పూతరేకులు, చీప్ పూతరేకులు, పూతరేకులు హైదరాబాద్" అని గుదిగుచ్చడం ఎప్పటి ట్రిక్కో, గూగుల్ దీన్ని స్పామ్ కిందే చూస్తుంది, మనిషి కంటికీ అలాగే ఉంటుంది. "ఈ స్వీట్ గురించి తెలిస్తే షాక్ అవుతారు" టైపు కూడా వద్దు. ఆ రోగం న్యూస్ సైట్లకి ఉంది, మనకెందుకు.

పొడవు సంగతికొస్తే, టైటిల్ ఇంతే ఉండాలని గూగుల్ రూల్ ఏం పెట్టలేదు, కాకపోతే స్క్రీన్ వెడల్పుకి సరిపోనిది చివర్లో కట్ చేసి చుక్కలు పెడుతుంది. 60 అక్షరాలు అని అందరూ చెప్పే లెక్క ఇంగ్లీష్‌కి వేసింది. తెలుగులో అది సరిగ్గా కుదరదు, ఎందుకంటే "స్త్రీ" అనేది మనకి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కి ఒత్తులు గుణింతాలు విడదీస్తే ఆరు. అందుకే అక్షరాలు లెక్కేసే టూల్ తెలుగు టైటిల్‌కి ఎర్ర రంగు చూపిస్తే కంగారుపడొద్దు, ప్లగిన్ చూపించే ప్రివ్యూలో కట్ అవుతోందా లేదా అదొక్కటే చూడండి, ఇంకా మంచిది ఫోన్‌లో వెతికి చూడటం. ముఖ్యమైన మాటలు మొదట్లోనే ఉంటే తోక తెగినా నష్టం లేదు.

ఇంకో చిక్కు, తెలుగు లిపిలో రాయాలా ఇంగ్లీష్ అక్షరాల్లో రాయాలా. మనవాళ్ళు చాలామంది తెలుగు మాటనే ఇంగ్లీష్ అక్షరాల్లో కొడతారు, వాయిస్‌లో అడిగితే తెలుగు లిపిలో పడొచ్చు. ఊహించడం దండగ, సైటు ఓనర్లకి గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే టూల్‌లో పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ తీసి క్వెరీస్ (జనం వెతికిన మాటలు) చూడండి, మీ పేజీకి జనం ఏ మాట ఏ అక్షరాల్లో కొట్టి వస్తున్నారో అక్కడే ఉంటుంది. నన్నడిగితే, పేజీ మ్యాటర్ ఏ లిపిలో ఉంటే టైటిల్ ఆ లిపిలోనే ఉండాలి. రెండూ కలిపి ఒకే లైన్లో కుక్కితే ఏదో ఒకటి తెగిపోతుంది.

మీరు ఎంత బాగా రాసినా గూగుల్ ఒక్కోసారి మార్చేసి తనకి నచ్చింది చూపిస్తుంది. 2021 ఆగస్టులో ఈ పద్ధతి మార్చినప్పుడు సైట్లవాళ్ళు చాలా గొడవ చేశారు, తర్వాత నెలలో గూగుల్ దాన్ని సరిచేసి, దాదాపు 87 శాతం సార్లు టైటిల్ ట్యాగ్‌లో ఉన్నదే వాడుతున్నామని చెప్పింది. మార్చే కారణాలు తెలిసినవే: టైటిల్ ఖాళీగా ఉండటం, అన్ని పేజీలకీ ఒకటే ఉండటం, లేదా పేజీలో పెద్ద హెడ్డింగ్ "సంక్రాంతి గిఫ్ట్ బాక్స్" అని ఉంటే టైటిల్‌లో ఇంకా పోయినేడాది దీపావళి ఉండటం. హెడ్డింగ్, టైటిల్ అచ్చు ఒకేలా ఉండక్కర్లేదు గానీ ఒకే విషయం చెప్పాలి. టైటిల్‌లో ఏడాది పెడితే పేజీలో రేట్లు కూడా అప్‌డేట్ చేయండి, ఒట్టి అంకె మార్చి వదిలేయకండి.

అన్ని పేజీలూ ఒకేసారి మార్చొద్దు. ఇంప్రెషన్లు (సెర్చ్‌లో కనిపించిన సార్లు) బాగా ఉండి క్లిక్కులు తక్కువున్న పేజీలు ఆ పెర్ఫార్మెన్స్ రిపోర్ట్‌లోనే తీసి, వాటిల్లో రెండు మూడింటికి మాత్రం కొత్త టైటిల్ పెట్టి, సెర్చ్ కన్సోల్‌లోనే యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్ దగ్గర ఇండెక్సింగ్ రిక్వెస్ట్ ఇవ్వండి, అంటే ఆ పేజీని మళ్ళీ చూడమని గూగుల్‌ని అడగడం. కొత్తది గూగుల్‌లో కనిపించడానికి కొన్ని రోజులు పట్టొచ్చు, వారాలూ పట్టొచ్చు. కనిపించాక అదే పేజీకి ముందు నెల, తర్వాత నెల పోల్చి చూడండి, పండగ సీజన్‌ని మామూలు నెలతో పోల్చి నా టైటిల్ అదిరిపోయింది అనుకోకండి.