గర్భిణిగా నమోదు ఎలా చేయించుకోవాలి: ఎంసీపీ కార్డు, ఇంటికొచ్చే ఆశ, మాతృ వందన డబ్బులు

నెల తప్పిందని తెలియగానే చేయాల్సిన మొదటి పని మీ ప్రాంత ఏఎన్ఎమ్ (ఊళ్లో గర్భిణులను, పిల్లలను చూసే ప్రభుత్వ నర్సు) దగ్గర పేరు నమోదు చేయించుకోవడం. చాలా ఇళ్లలో మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పరు. ఆ పట్టింపు ఉంటే చుట్టాలకు చెప్పకండి, ఏఎన్ఎమ్‌కి మాత్రం చెప్పండి. 12 వారాల లోపు నమోదైతే రక్తహీనత, బీపీ, షుగర్ మొదట్లోనే బయటపడతాయి. ఆ తర్వాత అందే ఉచిత సేవలకూ, డబ్బులకూ ఈ నమోదే ఆధారం.

ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ హెల్త్ క్లినిక్‌కి, తెలంగాణలో పల్లె దవాఖానాకి, పట్టణాల్లో అర్బన్ హెల్త్ సెంటర్‌కి లేదా బస్తీ దవాఖానాకి వెళ్లండి. ఎక్కడో తెలియకపోతే ఆశ కార్యకర్తనో అంగన్‌వాడీ టీచర్‌నో అడిగితే చెబుతారు. ప్రైవేటు డాక్టరుకు చూపించుకుంటున్నవాళ్లు కూడా నమోదు చేయించుకోవచ్చు, రిపోర్టులు వెంట తీసుకెళ్తే చాలు. ఆధార్ కార్డు, ఫోన్ నంబరు, చివరి నెలసరి మొదలైన తేదీ కావాలి. ఈ తేదీ గుర్తు చేసుకుని సరిగ్గా చెప్పండి. కాన్పు తేదీ లెక్కా, డబ్బుల గడువూ దీన్నుంచే కడతారు. ఫీజు ఏమీ ఉండదు.

నమోదు కాగానే ఆర్‌సీహెచ్ నంబరు (ప్రభుత్వ రికార్డుల్లో మీ గుర్తింపు నంబరు) వేసిన మాతా శిశు రక్షణ కార్డు ఇస్తారు. ఊళ్లో అందరూ ఎంసీపీ కార్డు అంటారు. కాన్పులోపు కనీసం నాలుగుసార్లు పరీక్షలు జరగాలి: 12 వారాల లోపు ఒకటి, 14–26 వారాల మధ్య రెండోది, 28–34 మధ్య మూడోది, 36 దాటాక నాలుగోది. వెళ్లిన ప్రతిసారీ బరువు, బీపీ, హిమోగ్లోబిన్, మూత్ర పరీక్ష వివరాలు కార్డులో ఎక్కాయో లేదో అక్కడే చూసుకోండి. బరువు మాత్రమే చూసి పంపించేస్తుంటే "బీపీ కూడా చూడండి మేడమ్" అని అడగండి, మొహమాటపడొద్దు. హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత, 7 కంటే తగ్గితే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. నాలుగో నెల నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో డాక్టరు స్వయంగా చూస్తారు, ఆ రోజు వదులుకోకండి.

పుట్టింటికి వెళ్తున్నారా?

తొలి కాన్పు పుట్టింట్లోనే కదా. సీమంతం అయ్యాక వెళ్లేటప్పుడు చీరలు సర్దుకుంటారు గానీ ఎంసీపీ కార్డు అత్తగారింటి బీరువాలో ఉండిపోతుంది. కార్డు వెంట తీసుకెళ్లి, అక్కడి ఆశకు చూపించి, "నేను ఇక్కడే పురుడు పోసుకుంటున్నాను" అని చెప్పండి. లేదంటే అత్తగారి ఊరి ఆశ మీరు వెళ్లిపోయారనుకుంటుంది, పుట్టింటి ఆశకు మీరు వచ్చిన సంగతే తెలియదు. మధ్యలో పసిబిడ్డను చూసేవాళ్లుండరు.

ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశ ఇంటికి రావాలి. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజు కూడా. దీనికి వేరే దరఖాస్తు లేదు, రాకపోతే ఏఎన్ఎమ్‌కి ఫోన్ చేయండి. వచ్చినప్పుడు బిడ్డ బరువు తూచి, ఒళ్లు వేడిగా ఉందో చల్లబడిందో చూసి, పొట్ట ఎగసిపడడం గమనిస్తూ నిమిషం నిండా ఊపిరి లెక్కపెడుతుంది. ఆ లెక్క 60, అంతకు మించి వచ్చినా, బిడ్డ పాలు తాగడం మానేసినా, బొడ్డు దగ్గర చీము కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. తల్లికి రక్తస్రావం ఎక్కువైనా, జ్వరం వచ్చినా, తలనొప్పితో చూపు మసకబారినా అంతే.

పదకొండో రోజు దాకా బయటివాళ్లను పురిటి గదిలోకి రానివ్వం అనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అమ్మమ్మలకు నా మనవి ఒక్కటే: ఆశను చేతులు కడుక్కోమని చెప్పి లోపలికి రానివ్వండి. బిడ్డకు ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ రోజుల్లోనే. బొడ్డుకు నూనె, పౌడరు, బూడిద ఏవీ రాయొద్దు, పొడిగా వదిలేయాలి.

ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, భోజనం అన్నీ ఉచితం. ఏడాది లోపు బిడ్డకు జబ్బు చేసినా అంతే. వెళ్లడానికి 108, తల్లీబిడ్డను ఇంటికి చేర్చడానికి 102.

మాతృ వందన దరఖాస్తు

ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద ఆంధ్రప్రదేశ్‌లో తొలి కాన్పుకు 5,000 రూపాయలు వస్తాయి. గర్భం నమోదై, చివరి నెలసరి నుంచి ఆరు నెలల లోపు ఒక పరీక్షయినా జరిగితే 3,000. బిడ్డ జననం నమోదై, 14 వారాల టీకాల దాకా పూర్తయితే మిగతా 2,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 ఒకేసారి ఇస్తారు. తెల్ల రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఈ-శ్రమ్ కార్డు, ఏడాదికి 8 లక్షల లోపు కుటుంబ ఆదాయం, ఇలాంటి వాటిలో ఏదో ఒక ఆధారం ఉంటే సరిపోతుంది. ఎస్సీ, ఎస్టీ మహిళలకూ అర్హత ఉంది. ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించదు. భర్త ఆధార్ తప్పనిసరి కాదు, కాబట్టి ఒంటరి తల్లులు వెనకాడక్కర్లేదు. గర్భస్రావమైనవాళ్లు, బిడ్డ కడుపులోనే పోయినవాళ్లు తర్వాతి కాన్పుకు కొత్తగా దరఖాస్తు చేసుకోవచ్చు.

ఆధార్, ఎంసీపీ కార్డు, అర్హత పత్రం జిరాక్సులు ఆశకో అంగన్‌వాడీ టీచర్‌కో ఇస్తే ఆన్‌లైన్‌లో ఎక్కిస్తారు. మాతృ వందన పోర్టల్‌లో సిటిజన్ లాగిన్‌తో మీరే చేసుకోవచ్చు కూడా. కాన్పయ్యాక 270 రోజులు దాటితే తీసుకోరు.

ఎక్కువ దరఖాస్తులు ఇరుక్కునేది బ్యాంకు దగ్గర. డబ్బు మీరు రాసిచ్చిన ఖాతా నంబరుకు కాక ఆధార్‌కు చివరగా అనుసంధానమైన ఖాతాకు పోతుంది. పెళ్లికి ముందెప్పుడో తెరిచి వదిలేసిన ఖాతాలో పడి, "డబ్బులు రాలేదు" అని తిరిగేవాళ్లు ఎందరో. దరఖాస్తుకు ముందే బ్యాంకుకెళ్లి డీబీటీ (ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడే ఏర్పాటు) ఏ ఖాతాకు ఉందో కనుక్కోండి. ఖాతా తల్లి పేరు మీదే ఉండాలి, జాయింట్ ఖాతా పనికిరాదు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకుంటే ఆధార్‌లోనూ బ్యాంకులోనూ ఒకేలా ఉందో చూసుకోండి.

జనన నమోదు 21 రోజుల లోపు ఉచితం. కాన్పయిన ఆసుపత్రి నుంచి వచ్చేముందే వివరాలు పంపారో లేదో అడగండి. రెండో విడత ఆగిపోతే ఎంసీపీ కార్డులో టీకాల పేజీ ఏఎన్ఎమ్‌కి చూపించి, అవి ఆన్‌లైన్‌లో ఎక్కాయో లేదో అక్కడే చూపించమనండి. అప్పటికీ కదలకపోతే 14408 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి.