ఊరి డొంకల్లో నడక బృందం పెట్టాలంటే, ఆ డొంకలు మూసుకుపోకుండా చూసుకోవాలంటే

ఊరి పక్కనే డొంక ఉన్నా పొద్దున్నే హైవే పక్కకి పోయి లారీల పొగ పీలుస్తూ నడిచేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. గుంటూరు, పల్నాడు, ప్రకాశం వైపు డొంక అంటాం, గోదావరి జిల్లాల్లో పుంత అంటారు, తెలంగాణలో బండ్లబాట అంటారు. పేరేదైనా అది పొలాల మధ్యగా పక్క ఊరికో, చెరువుకో, శ్మశానానికో పోయే పాత బండిదారి, చాలాచోట్ల రికార్డుల్లో పోరంబోకుగా ఉన్న అందరి దారి. ఎడ్లబండ్లు పోయాక సగం డొంకల్ని కంప కమ్మేసింది, కొన్నిటిని ఏటా ఒక్కో సాలు చొప్పున పక్క పొలాల్లోకి దున్నేసుకున్నారు. పదిమంది కలిసి వారం వారం నడిస్తే చాలావరకు మళ్లీ బతికించుకోవచ్చు. కాకపోతే వరస ముఖ్యం. చాలామంది కత్తులు, గొడ్డళ్లు పట్టుకుని ఒక ఆదివారం కంప కొట్టేసి ఫొటోలు దిగుతారు, వచ్చే సంక్రాంతికి చూస్తే అక్కడ మునుపటికన్నా దట్టంగా ఉంటుంది. ముందు పటం, తర్వాత రైతులు, ఆ తర్వాత నీళ్లు, అన్నిటికన్నా చివర కంప.

పటం దగ్గర మొదలుపెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో అయితే మీభూమి పోర్టల్‌లో గ్రామ పటం, సర్వే నంబరు వారీగా పొలం కొలతల పటమైన ఎఫ్‌ఎంబి దొరుకుతాయి, తెలంగాణలో అలాంటిదే అయిన టిప్పన్ కోసం తహసీల్దారు ఆఫీసులో అడగాలి. గ్రామ పటంలో జంట గీతలుగా పోయేది బండిదారి, ఒంటి చుక్కల గీతగా కనిపించేది కాలిబాట. పటం అంచున గుర్తుల వివరం ఉంటే దాంతో ఒకసారి సరిచూసుకోండి. రికార్డులో ఆ నంబరు ఎదురుగా డొంక అనో, బాట పోరంబోకు అనో ఉందా లేదా అన్నది అసలు ప్రశ్న. ఉంటే అది ఎవరి పట్టా కాదు, దాని వెడల్పు ఎంతో కూడా తెలుసుకోవచ్చు. పాత ఎఫ్‌ఎంబిల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. 100 లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు. కాబట్టి పటంలో డొంక వెడల్పు 30 లింకులని ఉంటే నేల మీద దాదాపు 20 అడుగులు ఉండాలి. టేపు పట్టుకుని కొలిస్తే తొమ్మిది అడుగులే వచ్చిందనుకోండి, మిగతాది ఎటు పోయిందో గట్టు చూస్తేనే అర్థమవుతుంది. కొత్తగా కలుపుకున్న వైపు గట్టు మెత్తగా, గడ్డి పట్టకుండా ఉంటుంది, పాత వైపు తాటిచెట్లో, బొమ్మజెముళ్లో, కిత్తనారో వరసగా ఉంటాయి.

రీసర్వే జరిగిన ఊరైతే ఇంకో పని ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో పాత ఎఫ్‌ఎంబి బదులు ఎల్‌పీఎంలు అనే కొత్త భూమి పటాలు తయారయ్యాయి. మీ డొంక కొత్త పటంలో కూడా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. పాత పటంలో ఉండి కొత్తదాంట్లో లేకపోతే పాతదాని నకలు జతపరిచి అర్జీ పెట్టాలి, ఎంత ఆలస్యమైతే అంత కష్టం. అడిగిన కాగితం ఆఫీసులో ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

పటం చేతికొచ్చాక ఊళ్లో డెబ్బై దాటిన ఒక పెద్దాయన్నో, మేకలు తోలే ఆయన్నో వెంటబెట్టుకుని ఒకసారి మొత్తం నడవండి. డొంక ఎక్కడ వంపు తిరిగేది, వాగు ఎక్కడ దాటేవాళ్లు, పూడ్చేసిన దిగుడుబావి ఎక్కడుంది, ఇవి ఏ పోర్టల్‌లోనూ దొరకవు. "బాబాయ్, మీరు మిరపకాయలు మార్కెట్‌కి ఏ దారిన తోలేవాళ్లు?" అని అడిగితే చాలు, ఆయనే చెప్పుకుంటూ పోతాడు. ఫోన్లో జీపీఎస్ ట్రాక్ ఆన్ చేసుకుని నడిస్తే ఆ దారి రికార్డు అయిపోతుంది, తర్వాత గొడవొచ్చినప్పుడు ఆ ట్రాకూ ఆ పటమూ పక్కపక్కన పెట్టి మాట్లాడొచ్చు.

ఇక బృందం. దీనికి సంఘం, రిజిస్ట్రేషన్, అధ్యక్షుడు ఏమీ అక్కర్లేదు, ఒక వాట్సాప్ గ్రూపు, వారంలో ఒక రోజు, ఒక టైము చాలు. ఆదివారం పొద్దున 6 గంటలకి రామాలయం దగ్గర అంటే ఇద్దరొచ్చినా బయల్దేరాలి. వచ్చేవాళ్లు తక్కువని నడక రద్దుచేయడం మొదలుపెడితే రెండు నెలల్లో గ్రూపులో గుడ్ మార్నింగ్ మెసేజీలు తప్ప ఏమీ మిగలవు. మొదట నాలుగైదు కిలోమీటర్ల దారి ఎంచుకోండి, ఎక్కడో ఒకచోట టీ కొట్టు తగిలేలా ఉంటే మరీ మంచిది. దారి తెలిసినవాళ్లు ముందు, నిదానమైన మనిషి ఒకరు అందరికన్నా వెనక. ఆ వెనక మనిషికన్నా వెనక ఎవరూ ఆగిపోకూడదు, అదొక్కటే కచ్చితమైన రూలు. బయల్దేరేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి తలలు లెక్కపెట్టుకోండి. గట్ల మీద నడవాల్సి వస్తే పదిహేనుమంది మించొద్దు, ఒకరి వెనక ఒకరు నడవాలి, పక్కపక్కన నడిస్తే గట్టు అంచు జారి చేలో పడుతుంది, ఆ నష్టం రైతుది. ఆడవాళ్లు ఎక్కువమంది రావాలంటే టైమూ దారీ ముందురోజే గ్రూపులో పెట్టండి, తెల్లారాకే బయల్దేరండి, దారి మధ్యలో బాత్రూమ్ ఉన్న బడో, గుడో, తెలిసినవాళ్ల ఇల్లో ఒకటి మాట్లాడి పెట్టుకోండి. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలామంది ఆడవాళ్లు మానేసేది దీనివల్లే.

బూట్లు తప్పనిసరి, చెప్పులతో వస్తే పల్లేరుకాయలు, కంపముళ్లు వదలవు. చేతిలో కర్ర ఉంటే కుక్కలకీ పనికొస్తుంది, ముందు నేల తట్టుకుంటూ పోడానికీ పనికొస్తుంది. వానాకాలంలోనూ కోతలప్పుడూ రక్తపింజర గడ్డిలోనూ గట్టు బొరియల్లోనూ కదలకుండా పడుకుని ఉంటుంది, దాన్ని తొక్కడం వల్లే ఎక్కువ కాట్లు. కాటుపడితే కోయడం, పీల్చడం, తాడు బిగించి కట్టడం ఏదీ చేయొద్దు. ఆ కాలో చెయ్యో కదపకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేసి విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి. మంత్రగాడి దగ్గర పోగొట్టిన గంట మళ్లీ రాదు. పత్తికి, మిరపకి మందు కొడుతున్న రోజు ఆ పక్కకి పోవద్దు, గాలి మీవైపు ఉంటే మరీ. వాన పడ్డ తర్వాత నల్లరేగడి డొంకలో అసలు అడుగుపెట్టొద్దు. మీకు బూటుకి మూడు కిలోల మట్టి అంటుకోవడం ఒకెత్తు, మీరు తొక్కిన గుంతలు ఎండాక రాయిలా గట్టిపడి ఆరునెలలు అందరి కాళ్లూ మెలికపెట్టడం ఇంకొకెత్తు. ఆ వారం ఎర్రనేల దారికి మార్చుకోండి.

చేలోంచి కందికాయ, పచ్చిశనగ, మిరపకాయ ఏదీ కోయకూడదు. ఒక్కరు ఒక్క గుప్పెడే కదా అనుకుంటారు, ఇరవైమంది తలా గుప్పెడు కోస్తే కళ్లానికి చేరే పంటలో తేడా కనిపిస్తుంది, ఆ తర్వాత ఆ రైతు మిమ్మల్ని రానివ్వడు, రానివ్వకపోవడం న్యాయమే.

రైతులతో మాట కలపడం అన్నిటికన్నా పెద్ద పని. డొంక కలుపుకున్నాయన్ని మొదటి రోజే ఆక్రమణదారు అన్నారంటే ఇక ఆ మాట అక్కడితో ఆగదు, కులం, పార్టీ, పాత పొలం తగాదా అన్నీ అందులోకి వచ్చేస్తాయి. గ్రూపులో ఫొటో పెట్టి పేరు రాయడం అయితే అస్సలు వద్దు. ఆయన దగ్గరికి ఆయనకి నచ్చిన పెద్దమనిషిని తీసుకుని ఇద్దరే వెళ్లండి. "అన్నా, కోతల్లో మిషన్ నీ చేలోకి ఎట్లా వస్తుంది?" అని అడగండి. చాలాసార్లు ఆయన కూడా పక్కవాళ్ల చేలోంచి బతిమాలుకుని తెచ్చుకుంటూ ఉంటాడు, వరి కోత మిషన్‌కి దారిలేక కూలీలతో కోయించుకుంటూ ఉంటాడు. డొంక బాగుపడితే ట్రాక్టరు చేనుదాకా వస్తుంది, ఆ లాభం మనకన్నా ఆయనకే ఎక్కువ. ఈ మాట మనస్ఫూర్తిగా చెప్పండి, ఎందుకంటే నిజం కాబట్టి. మొత్తం వెడల్పు వదలమని పట్టుబట్టకుండా ముందు బండి పట్టేంత దారి తెరుచుకోనివ్వండి, మిగతాది సర్వే చేయించినప్పుడు చూసుకోవచ్చు.

మాటతో కుదరకపోతేనే కాగితం. హద్దులు తేల్చమని ఎఫ్‌లైన్ పిటిషన్ పెట్టొచ్చు, సర్వేయర్ వచ్చి కొలిచి రాళ్లు చూపిస్తాడు. నలుగురూ తిరిగే దారికి కంచె వేసి మూసేస్తే, అడ్డు తీయమని సబ్‌డివిజనల్ మెజిస్ట్రేట్ హోదాలో ఆర్డీవో ఉత్తర్వు ఇవ్వొచ్చు. పాత నేరవిచారణ చట్టం సీఆర్‌పీసీలో ఇది 133వ సెక్షను, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 152వ సెక్షను. డొంక కాకుండా ఒకరి పట్టా పొలంలోంచి పోయే కాలిబాట అయితే సంగతి వేరు. ఒకరి భూమిని ఇంకొకరు వాడుకునే హక్కుల గురించిన 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం ప్రకారం 20 ఏళ్లు బహిరంగంగా, హక్కుగా, అడ్డు లేకుండా వాడుకుంటే దారి హక్కు వస్తుంది, కానీ అది సివిల్ కోర్టులో రుజువు చేసుకోవాల్సిన సంగతి, నడక బృందం నెత్తినేసుకోవాల్సింది కాదు. అలాంటిచోట యజమానిని అడిగి నడవండి, వద్దంటే చుట్టూ తిరిగి పోండి.

ఇప్పుడు నీళ్ల సంగతి. ఏళ్ల తరబడి బండి చక్రాలు, వాననీళ్లు మట్టిని తీసుకుపోవడంతో చాలా డొంకలు పొలాలకన్నా రెండుమూడు అడుగులు పల్లమైపోయాయి. వానొస్తే అదే వాగు. కంప కొట్టినా నీళ్లకి దారి చూపించకపోతే మొదటి ముసురుకే డొంక గండ్లు పడిపోతుంది. దారి మధ్య భాగం తాబేటిడిప్పలా కాస్త ఎత్తుగా, అంచులు వాలుగా ఉండాలి, రెండు పక్కలా జానెడు లోతు కాలవ తీయాలి. వాలున్నచోట అక్కడక్కడా దారికి ఏటవాలుగా మట్టితో చిన్న కట్ట వేస్తే నీళ్లు పరుగెత్తకుండా పక్క కాలవలోకి మళ్లుతాయి, కట్టని దారికి నేరుగా అడ్డంగా వేస్తే మాత్రం వెనక గుంట పడుతుంది. ఆ నీళ్లు చివరికి ఎవరి చేలోకి పోతాయో ఆయనకి ముందే చెప్పండి. మాగాణి రైతు చాలావరకు రమ్మంటాడు, మిరప చేను రైతు వద్దే వద్దంటాడు. ఎప్పుడూ చిత్తడిగా ఉండే నాలుగు గజాలకి గ్రావెల్ తోలించండి, డొంక పొడుగూతా పోయించాలని ఆగితే ఏళ్లు పడుతుంది. కాలవ దాటేచోట తూము, ఎక్కువ మట్టిపని ఉంటే గ్రామసభలో అడిగి ఉపాధి పనుల్లో పెట్టించండి. నోటిమాటగా కాదు, సర్వే నంబర్లు, పొడవు వెడల్పులు రాసిన కాగితంతో వెళ్తే తీర్మానంలోకి ఎక్కుతుంది.

చివరికి కంప. మనం చిల్లచెట్టు, సర్కారుతుమ్మ అనేది మన నేలది కాదు, 1870ల చివర్లో జమైకా విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటారు. మేకలు, గొర్రెలు కాయలు తిని పెంటికల్తో విత్తనాన్ని ఊరంతా చల్లాయి. దీన్ని నేల మీద నరికితే ఒక మొద్దు నుంచి పది కొమ్మలు లేస్తాయి. మొదలు చుట్టూ చలగపారతో మట్టి తీసి, గడ్డపారతో జానెడు లోతు నుంచి మొద్దుతో సహా పెకలించాలి. వానకి నేల మెత్తబడ్డాక మొలకల్ని చేత్తో పీకేయొచ్చు, వేళ్లు గట్టిపడక ముందే. పెద్ద మానులకి జేసీబీ పెట్టుకోవడమే మంచిది, ట్రాక్టర్లు తిరిగే రైతులు తలా కొంచెం వేసుకుంటారు. కొట్టిన కర్ర పోరంబోకుది, అందుకని ముందే పంచాయతీలో చెప్పి, వంటచెరుకు అవసరమున్నవాళ్లు తీసుకుపోయేలా మాట్లాడండి, ఆ డొంకలో రోజూ కంపపుల్లలు ఏరుకునే ఆడవాళ్లుంటే మొదటి హక్కు వాళ్లది. కుప్పపోసి తగలబెట్టొద్దు, గాలికి ఒక్క నిప్పురవ్వ పోతే పక్క గడ్డివాము మిగలదు. వయ్యారిభామని పూత రాకముందే వేళ్లతో సహా పీకాలి, చేతికి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు, కొందరికి దద్దుర్లు, ఆయాసం కూడా వస్తాయి.

వేప, తాడి, ఈత, రేగు, సీతాఫలం, తంగేడు జోలికి పోవద్దు. నిండా ఎదిగిన చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, పైగా ఆ నీడ కోసమే కదా నడిచేది. దారి మీదికి వంగిన కొమ్మ ఒకటి రెండు కోస్తే సరిపోతుంది. పిట్టగూళ్లున్న వానాకాలం కాకుండా డిసెంబరు, జనవరిలో ఈ పని పెట్టుకోండి, ఎండ తక్కువ.

ఒకసారి తెరుచుకున్న డొంకని ముక్కలుగా పంచుకోండి. రామాలయం నుంచి కల్వర్టు దాకా ఇద్దరు, కల్వర్టు నుంచి చెరువు కట్ట దాకా ఇంకో ఇద్దరు. వాళ్ల పని మామూలు నడకలోనే లేత మొలకలు పీకడం, పూడిన కాలవ కొంచెం తీయడం, సర్వే రాయి కదిలిందేమో చూసి గ్రూపులో చెప్పడం. తొలకరికి ముందు మే నెలాఖర్లో, వానలు తగ్గాక అక్టోబరు, నవంబరుల్లో మాత్రం అందరూ కలిసి మొత్తం దారి టేపుతో కొలుచుకుంటూ నడవండి, కొలతల్ని తేదీతో సహా ఒక నోటుపుస్తకంలో రాసి పంచాయతీ కార్యదర్శికి ఒక నకలు ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి.