ఇంటి వైఫై సొంతంగా సరిచేసుకుందాం – 3వ భాగం: పాత రౌటర్‌నే రెండో యాక్సెస్ పాయింట్‌గా మార్చడం

పోయిన భాగంలో ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగి సిగ్నల్ ఎక్కడెక్కడ మైనస్ 70 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత) కన్నా కిందికి పోతోందో రాసుకున్నారు కదా, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. రిపీటర్‌ని (వైఫై సిగ్నల్ అందుకుని మళ్ళీ పంపే పెట్టె) సిగ్నల్ లేని గదిలో పెడితే దండగ, దానికే అందనిది అది మనకేం ఇస్తుంది? పైగా ఒకే రేడియోతో ఇటు వింటూ అటు పంపాలి కాబట్టి స్పీడ్ దాదాపు సగానికి పడిపోతుంది. మనం పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే మెయిన్ రౌటర్ నెట్‌నే ఇంకోచోట వైఫైగా పంచే పెట్టెగా మార్చి, కేబుల్‌తో కలుపుతున్నాం, కాబట్టి నేరుగా ఆ గదిలోనే పెట్టేయొచ్చు. క్యాట్ 5ఇ కేబుల్ 100 మీటర్ల దాకా గిగాబిట్ స్పీడ్ ఇస్తుంది, ఇంటికి అది చాలు.

పాత రౌటర్‌ని ముందు రీసెట్ చేయండి. సెట్టింగ్స్‌లో "యాక్సెస్ పాయింట్ మోడ్" అని ఉంటే అది ఆన్ చేసి కింద కేబుల్ దగ్గరికి వెళ్ళిపోండి, మిగతావాళ్ళు నాతో రండి.

మెయిన్ రౌటర్‌కి ఇప్పుడే కలపొద్దు. ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో పాత రౌటర్ లాన్ పోర్ట్‌కి (ఇంట్లో డివైస్‌ల కేబుల్ పెట్టేది) పెట్టి, సెట్టింగ్స్ పేజీలో ముందు దాని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబర్) మార్చండి. మెయిన్‌ది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి, కాకపోతే మెయిన్ రౌటర్ డివైస్‌లకి పంచే రేంజ్‌లో ఆ నంబర్ ఉండకూడదు (చివరి అంకె 100 నుంచి 200 దాకా పంచుతోందంటే 2కి భయం లేదు). సేవ్ కొట్టగానే పేజీ పోతుంది, కంగారు పడకండి, కొత్త అడ్రస్ కొట్టి మళ్ళీ లాగిన్ అవ్వండి. అప్పుడు డిహెచ్‌సిపి (డివైస్‌లకి ఐపీ అడ్రస్‌లు పంచే పని) ఆఫ్ చేయండి.

ఈ డిహెచ్‌సిపి దగ్గరే చాలామంది బోల్తా పడతారు. రెండు రౌటర్లూ అడ్రస్‌లు పంచుతూ కూర్చుంటే ఫోన్‌కి ఎవరు ముందు జవాబిస్తే వాళ్ళ మాటే చెల్లుతుంది, పాతది గెలిస్తే ఇంటర్నెట్‌కి దారి నేనే అని తన అడ్రస్ చెప్పేస్తుంది, దాని వెనక ఏమీ లేదు, ఇక ఫోన్‌లో "కనెక్టెడ్, నో ఇంటర్నెట్". అదీ ఒకసారి వచ్చి ఒకసారి రాక, పిచ్చెక్కిస్తుంది.

ఇప్పుడు కేబుల్. మెయిన్ లాన్ పోర్ట్ నుంచి పాతదాని లాన్ పోర్ట్‌కే, వాన్ పోర్ట్ (బయటి ఇంటర్నెట్ లైన్ పెట్టేది) ఖాళీగా వదిలేయండి. వాన్‌లో పెడితే కూడా నెట్ వచ్చినట్టే ఉంటుంది కానీ అది వేరే నెట్‌వర్క్ అయి కూర్చుంటుంది, హాల్లో ప్రింటర్ బెడ్‌రూమ్‌లో ల్యాప్‌టాప్‌కి కనపడదు. (యాక్సెస్ పాయింట్ మోడ్ ఉన్న రౌటర్లలో వాన్ పోర్ట్ కూడా పనిచేయొచ్చు, దాని మాన్యువల్ చూడండి.)

వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ టైపు రెండింట్లో అక్షరం తేడా లేకుండా ఒకటే పెట్టండి, చానెల్ మాత్రం వేరే ఉండాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డం రానివి 1, 6, 11 మాత్రమే, మెయిన్‌కి 1 ఉంటే దీనికి 6 లేదా 11 ఇచ్చి చానెల్ విడ్త్ (వెడల్పు) 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. 5 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికి 36, ఇంకోదానికి 149, మీ రౌటర్ చూపిస్తే.

సిగ్నల్ పవర్‌ని ఫుల్‌గా పెట్టాలనిపిస్తుంది, వద్దు! ఏ యాక్సెస్ పాయింట్‌కి అతుక్కోవాలో నిర్ణయించేది ఫోన్, రౌటర్ కాదు, పాత సిగ్నల్ కాస్త బతికున్నా చాలా ఫోన్లు దాన్నే పట్టుకుని వేలాడతాయి. పైగా రౌటర్ ఎంత గట్టిగా అరిచినా ఫోన్ రేడియో చిన్నది, దాని జవాబు అంత దూరం రాదు. అందుకే రెండింట్లోనూ 2.4 పవర్ మీడియంకి దించి చూడండి, 5 అలాగే ఉండనివ్వండి.

చివరగా టెస్ట్. ఫోన్‌లో వీడియో కాల్ పెట్టి మెయిన్ రౌటర్ దగ్గర్నుంచి కొత్త గదిలోకి నడవండి, మారేటప్పుడు ఒక్క క్షణం ఆగితే పర్లేదు. రెండు చోట్లా వైఫై ఆఫ్ చేసి ఆన్ చేసి వివరాల్లో గేట్‌వే (ఇంటర్నెట్‌కి దారి ఇచ్చే అడ్రస్) ఏముందో చూడండి, 192.168.1.1 రావాలి. 192.168.1.2 కనిపిస్తే పాతదాంట్లో డిహెచ్‌సిపి ఇంకా ఆన్‌లోనే ఉంది, సేవ్ కొట్టలేదేమో చూసుకోండి.