హోటలు ఆస్తి పన్ను ఏటా ఎందుకు పెరుగుతోంది? ఎక్కడ చూడాలి, ఎలా సరిచేయించాలి

రాజమండ్రి, తణుకు, భీమవరం, అమలాపురం... ఊరేదైనా హోటలు, బారు, లాడ్జి నడిపేవాళ్ళ గోల ఒకటే: "పన్ను మండిపోతోందండీ." మంట ఎక్కడుందో చూడకుండా కౌన్సిలరు ఇంటికి పరుగెత్తితే ఏం లాభం? ముందు పది అంకెల అసెస్‌మెంట్ నంబరుతో (మీ ఆస్తికి మున్సిపాలిటీ ఇచ్చిన పన్ను నంబరు) సీడీఎంఏ, అంటే రాష్ట్ర పురపాలక శాఖ సైట్లో మీ డిమాండు, అంటే కట్టాల్సిన పన్ను వివరం తెరవండి. ఈ ఏటి పన్ను, పాత బకాయి, వడ్డీ వేరువేరుగా ఉంటాయి. చాలామంది అడుగున ఉన్న మొత్తం చూసి గుండెలు బాదుకుంటారు గానీ పై వరసలు చదవరు.

ఒక్కసారిగా పెరిగిపోయింది

నూటికి తొంభై పాళ్ళు ఇది బకాయే. మొదటి అర్ధ సంవత్సరం పన్ను జూన్ నెలాఖరులోగా, రెండోది డిసెంబరు నెలాఖరులోగా కట్టాలి. దాటితే నెలకు 2 శాతం వడ్డీ, అంటే ఏడాదికి 24. అద్దెకున్నవాడు కడతాడని ఓనరు, ఓనరు కడతాడని అద్దెకున్నవాడు ఊరుకుంటే జరిగేది ఇదే. ఎవరు కట్టాలో అగ్రిమెంటులో రాసుకోండి. ఏడాది పన్నంతా ఏప్రిల్ 30లోపు కడితే 5 శాతం రాయితీ కూడా వస్తుంది.

రసీదు ఉన్నా బకాయి చూపిస్తోందా? రసీదు మీది అసెస్‌మెంట్ నంబరును అంకె అంకె సరిచూడండి. పక్క పోర్షన్ నంబరుకు జమైపోయి ఉంటుంది.

ఏటా కొంచెం కొంచెం పెరుగుతోంది, ఆగడం లేదు

అసలు దొంగ ఇక్కడ దాక్కుంటాడు. 2021 ఏప్రిల్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల్లో పన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. స్థలానికీ కట్టడానికీ రిజిస్ట్రేషన్ శాఖ విలువలే ఆధారం. నివాసానికైతే ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం, వ్యాపారానికైతే 0.20 నుంచి 2 శాతం మధ్య ఎంతన్నది స్థానిక సంస్థ తీర్మానిస్తుంది. పాత పన్ను మీద ఏటి పెంపు 15 శాతం దాటకూడదు. కొత్త లెక్క ప్రకారం రావాల్సిన మొత్తాన్ని అందుకునేదాకా అలా పెరుగుతుంది.

ఈ 15 శాతం కట్టు మేలే. కాకపోతే తప్పును కూడా అదే కప్పేస్తుంది. కింద హోటలు, పైన ఓనరు కాపురం ఉన్న డాబా ఒకటి తీసుకోండి. కింది భాగం విలువ 50 లక్షలు, పైది 40 లక్షలు, ఊళ్ళో రేట్లు వ్యాపారానికి 0.30, నివాసానికి 0.15 అనుకుందాం. రావాల్సింది 15,000, 6,000 కలిపి 21,000. రికార్డులో పై అంతస్తు కూడా 'నివాసేతరం' అని పడితే 27,000. పాత పన్ను 14,000 అయితే మొదటి ఏడాది 16,100, రెండో ఏడాది 18,515. రికార్డు ఒప్పయినా తప్పయినా ఈ రెండేళ్ళూ బిల్లు ఒకటే! మూడో ఏడాది తేడా 292 రూపాయలు. అంతకోసం ఎవరూ ఆఫీసు మెట్లెక్కరు. నాలుగో ఏడాది 24,486, ఐదో ఏడాది 27,000. అప్పుడు "ప్రభుత్వం పెంచేసింది" అంటారు. పెంచింది ప్రభుత్వం కాదు, ఆ ఒక్క గడి.

కాబట్టి శాతాల మీద వాదన పక్కన పెట్టి, వార్డు సచివాలయంలోనో మున్సిపల్ రెవెన్యూ విభాగంలోనో అంతస్తులవారీ అసెస్‌మెంట్ వివరాలు తీసుకోండి. టేపు పట్టుకుని ఒక్కో వరసా సరిచూడండి.

వాడకం: ఏ అంతస్తు దేనికి వాడుతున్నారు? బారు వేరే భవనానికి మారిపోయినా, మెస్సు మూతపడి ఇంట్లో మళ్ళీ కాపురం పెట్టినా, రికార్డు తనంతట తాను మారదు. అర్జీ పెట్టాల్సిందే.

కప్పు: మన వైపు మంగళూరు పెంకుటిళ్ళలోనే భోజన హోటళ్ళు బోలెడు. పెంకుటిల్లు కాస్తా 'ఆర్‌సీసీ' అని పడితే కట్టడం విలువ పెరిగిపోతుంది. వెనక వంట చేసే రేకుల షెడ్డును స్లాబు కింద రాసేశారేమో కూడా చూడండి.

విస్తీర్ణం: గోడల బయటి కొలత తీసుకోండి. ఖాళీ పెరడును, పార్కింగును కట్టడంలో కలిపేశారా?

ఇక అద్దె అగ్రిమెంటు. బాడుగకిచ్చింది కింది భాగమే అయినా రాయసకాడు "సదరు భవనము యావత్తు" అని రాసి పడేస్తాడు. ట్రేడ్ లైసెన్సు అర్జీలోనూ మొత్తం చదరపు అడుగులు వేస్తారు. రేపు మీరు పైన కాపురమే అంటే, ఆ రెండు కాగితాలే మీకు అడ్డం తిరుగుతాయి. ముందు వాటిని సవరించుకుని, ఆ తర్వాతే రివిజన్ పిటిషన్, అంటే పన్ను సరిచేయమని కోరే అర్జీ వేయండి. జతచేయాల్సినవి: కొలతల స్కెచ్, ఫోటోలు, సవరించిన అగ్రిమెంటు, పైన కేటగిరీ-1 (ఇంటి వాడకం), కింద కేటగిరీ-2 (వ్యాపారం) అని ఉన్న రెండు కరెంటు బిల్లులు. అన్నిటికంటే గట్టి సాక్ష్యం కరెంటు బిల్లే. మొత్తానికి ఒకే కమర్షియల్ మీటరుంటే ముందు దాన్ని విడదీయించండి. నోటీసు వచ్చి ఉంటే, అందిన తేదీ దాని మీదే రాసి పెట్టుకోండి, గడువు జారిపోకుండా. ఎక్కువ కట్టేసిన డబ్బు చేతికి తిరిగి రావడం కష్టం. రాబోయే డిమాండులో సర్దుబాటు చేయమని అదే పిటిషన్‌లో రాసి అడగండి.

పన్నుతో పాటు జరిమానా పడింది

ప్లాను దాటి కట్టారన్నమాట. అతిక్రమణను బట్టి పన్ను మీద 25 నుంచి 100 శాతం దాకా అదనం. 2027 పుష్కరాలకు గదులు చాలవని లాడ్జి మీద ఇంకో అంతస్తు లేపే ఆలోచన ఉంటే ముందు ప్లాను తెచ్చుకోండి. జరిమానా కడుతున్నాం కదా, కట్టడం సక్రమమైనట్టే అనుకోవద్దు.

పన్ను మామూలే, అద్దె ఖర్చు పెరిగింది

ఇది మున్సిపాలిటీ పని కాదు, జీఎస్టీ. 2024 అక్టోబరు 10 నుంచి, ఓనరుకు జీఎస్టీ నంబరు లేకపోయినా, నంబరున్న అద్దెదారు వ్యాపార అద్దె మీద 18 శాతం తనే కట్టాలి. 5 శాతం రేటులో ఉన్న రెస్టారెంటుకు ఇన్‌పుట్ క్రెడిట్ (ఇలా కట్టిన పన్నును తన జీఎస్టీలో తగ్గించుకునే వీలు) రాదు, అదంతా నికర ఖర్చే. కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు టర్నోవరు మీద తక్కువ శాతం కట్టే పద్ధతి) ఉన్నవాళ్ళను తర్వాత దీన్నుంచి తప్పించారు.

తక్కినవి

దిండి రిసార్టుల్లా పంచాయతీ పరిధిలో ఉంటే పై లెక్కలు వర్తించవు. అక్కడ ఇంటి పన్ను, దాని మీద రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు. పంచాయతీ కార్యదర్శినే అడగాలి. ఒకే భవనానికి రెండు అసెస్‌మెంట్లు ఉండటం అరుదు, ఉంటే ఒకటి రద్దుకు అర్జీ పెట్టండి. హోటలు మూసి భవనం ఖాళీగా ఉంటే వేకెన్సీ రెమిషన్ (ఖాళీ కాలానికి పన్ను తగ్గింపు) ఉంది, కానీ ఖాళీ అయిన వెంటనే రాతపూర్వకంగా తెలపాలి. ఏడాది పోయాక వెళ్ళి, అప్పట్లో ఖాళీగానే ఉందంటే ఎవరూ వినరు.