కస్టమర్ ‘నా డేటా తీసెయ్యండి’ అంటే క్లౌడ్ డేటాబేస్‌లో ఎక్కడెక్కడ తీయాలి

విజయనగరం, శ్రీకాకుళం, రాజాం, పలాస వైపు షాపులకీ, ల్యాబులకీ, కోచింగ్ సెంటర్లకీ యాప్‌లు రాసిచ్చే కుర్రాళ్ళు ఇప్పుడు మన దగ్గర చాలామందే ఉన్నారు, ఇది వాళ్ళ కోసం. కస్టమర్ ఎవరైనా తన వివరాలు తీసెయ్యమని అడిగితే ఎక్కువమంది యూజర్స్ టేబుల్‌లో ‘డిలీటెడ్’ అన్న కాలమ్‌ని ట్రూ చేసి ఊరుకుంటారు. స్క్రీన్ మీద పేరు కనబడదు, డేటా మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. ఆ వరుసని నిజంగానే డిలీట్ చేసినా పని సగం కూడా కాదు, ఎందుకంటే ఆ మనిషి ఫోన్ నంబరు అప్పటికే పది చోట్లకి కాపీ అయి ఉంటుంది.

ముందు చట్టం సంగతి, క్లుప్తంగా. మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. వ్యాపారాలు పాటించాల్సిన ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే వరకు. చట్టంలోని 12వ సెక్షన్ డేటా తీయించుకునే హక్కు ఇస్తుంది. 8వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసి, సమ్మతి వెనక్కి తీసుకున్నా, డేటా సేకరించిన పని అయిపోయినా, వేరే చట్టం ఉంచమంటే తప్ప, ఎవరూ అడగకపోయినా మీరే తీసెయ్యాలంటుంది. జరిమానాలు కోట్లలో ఉన్నాయి, సరైన భద్రత పెట్టనందుకైతే 250 కోట్ల రూపాయల వరకు. విదేశాల్లో ఉన్న మనవాళ్ళకి సరుకు పంపే షాపైతే, యూరప్‌లో ఉన్నవాళ్ళకి అమ్ముతున్నప్పుడు అక్కడి డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ కూడా మీకు వర్తించొచ్చు. అందులో 17వ ఆర్టికల్ ఇదే హక్కు ఇస్తుంది, మామూలుగా నెల రోజుల్లో జవాబివ్వాలి.

ఇక పని. కోడ్ ముట్టుకోకముందు ఒక టెస్ట్ కస్టమర్‌ని సృష్టించి, అతనితో ఆర్డరు పెట్టించి, డబ్బు కట్టించి, ఒక ఫిర్యాదు కూడా చేయించండి. రెండు రోజులాగి ఆ ఫోన్ నంబరు కోసం వెతకడం మొదలుపెట్టండి. పలాస జీడిపప్పు ఆన్‌లైన్‌లో అమ్మే షాపు యాప్ అనుకుందాం. కస్టమర్స్ టేబుల్‌లో నంబరు ఎలాగూ ఉంటుంది. ఆర్డర్స్‌లో డెలివరీ అడ్రసు కాపీ అయి ఉంటుంది, ఎస్‌త్రీ (అమెజాన్ క్లౌడ్‌లో ఫైళ్ళు దాచే సర్వీసు) బకెట్‌లో బిల్లు పీడీఎఫ్ ఉంటుంది, పేమెంట్ గేట్‌వే పంపిన సమాచారాన్ని జేసన్ రూపంలో మొత్తంగా దాచిన టేబుల్ ఒకటి ఉంటుంది, ఎర్రర్ లాగుల్లో (యాప్‌లో జరిగే తప్పులు తనంతట తానే రాసుకునే ఫైళ్ళలో) ఉంటుంది, కొరియర్ వాళ్ళ ప్యానెల్‌లో, వాట్సాప్ మెసేజీలు పంపే సర్వీసులో, షాపు అకౌంటెంట్‌కి ప్రతి నెలా మెయిల్‌లో వెళ్ళే ఎక్సెల్ షీటులో కూడా ఉంటుంది. అన్నిటికన్నా ఎక్కువగా మర్చిపోయేది డెలివరీ నోట్ అనే ఖాళీ పెట్టె. ‘మూడు లాంతర్ల దగ్గర మెడికల్ షాపు పక్క సందు, రెండో అంతస్తు, మా అమ్మగారు ఒక్కరే ఉంటారు, గట్టిగా పిలవండి’ అని రాస్తారు జనం. పేరు లేదు, నంబరు లేదు, కానీ ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడ వివరం మొత్తం అందులో ఉంది. నంబరుతో వెతికితే ఇది దొరకదు, అందుకే ఏ టేబుల్‌లో ఏ కాలమ్‌లో మనుషుల వివరాలు పడే వీలుందో ఒక షీటులో రాసుకోవాలి. ఈ షీటు లేకుండా చేసే ఏ డిలీట్ అయినా గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

షీటు తయారయ్యాక ప్రతి వరుస పక్కన ‘తీసెయ్యాలి’, ‘ఉంచాలి, ఎప్పటివరకు’ అని రాయండి. బిల్లులు తీయడానికి లేదు: జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. కొత్త డేటా రూల్స్‌లో కూడా ఒక మెలిక ఉంది. ప్రభుత్వం కొన్ని అవసరాలకి అడగొచ్చు కాబట్టి వ్యక్తిగత డేటాని, దానికి సంబంధించిన లాగుల్ని, ప్రాసెస్ చేసిన తేదీ నుంచి కనీసం ఏడాది ఉంచమన్నారు. తీసెయ్యమని ఒకవైపు, ఉంచమని ఇంకోవైపు అంటే ఏం చెయ్యాలని టెన్షన్ పడకండి, పనిని రెండు దశలుగా చేసుకుంటే సరిపోతుంది. అడిగిన రోజే యాప్ నుంచి, మార్కెటింగ్ లిస్టు నుంచి, రిపోర్టుల నుంచి ఆ మనిషిని తీసెయ్యండి. చట్టం కోసం ఉంచాల్సింది మాత్రం వేరే డేటాబేస్‌లోకి మార్చి, యాప్‌కి దాని పాస్‌వర్డ్ కూడా తెలియకుండా పెట్టి, ప్రతి రికార్డుకీ ఆఖరి తేదీ రాసి, ఆ తేదీకి అదే పోయేలా రోజూ నడిచే జాబ్ ఒకటి పెట్టండి. మీ షాపుకి ఏది ఎన్నాళ్ళు అన్నది ఆడిటర్‌తో కూర్చుని ఒకసారి తేల్చుకుంటే చాలు.

డిలీట్ నొక్కేముందు అడుగుతున్నది ఆ మనిషేనా అని చూడాలి. రిజిస్టర్ అయిన నంబరుకి ఓటీపీ పంపడం చాలు, కొత్తగా ఆధార్ కాపీ అడగొద్దు. డేటా తీసెయ్యమన్నవాళ్ళ దగ్గర ఇంకా డేటా తీసుకోవడం చాలా అన్యాయం.

పోస్ట్‌గ్రెస్, మైసీక్వెల్ లాంటివైతే కస్టమర్ ఐడీ పట్టుకుని అడ్రసులు, కార్టు, నోట్సు, ఫిర్యాదులు అన్నీ తీసి, చివర్లో కస్టమర్ వరుస తీయాలి, మొత్తం ఒకే ట్రాన్సాక్షన్‌లో. ఆన్ డిలీట్ క్యాస్కేడ్ (ఒక వరుస తీస్తే దానికి ముడిపడ్డవన్నీ వాటంతటవే పోయే సెట్టింగ్) అన్నిచోట్లా పెట్టేయొద్దు, దాంతో బిల్లులు కూడా కొట్టుకుపోతాయి. గూగుల్ వాళ్ళ క్లౌడ్ డేటాబేస్ ఫైర్‌స్టోర్ వాడేవాళ్ళు ఇక్కడ ఆగి చదవండి: డాక్యుమెంట్ తీసినంత మాత్రాన దాని కింద ఉన్న సబ్‌కలెక్షన్లు పోవు. కన్సోల్‌లో పై డాక్యుమెంట్ లేకపోయినా కింద ఆర్డర్లన్నీ అలాగే ఉంటాయి, వాటిని విడిగా తీయాలి, లాగిన్ అకౌంటుని ఫైర్‌బేస్ ఆథెంటికేషన్‌లో, ఫొటోల్ని స్టోరేజ్‌లో మళ్ళీ విడివిడిగా తీయాలి. ఎస్‌త్రీలో వెర్షనింగ్ (ఫైలు పాత కాపీలు కూడా దాచే సెట్టింగ్) ఆన్ చేసి ఉంటే డిలీట్ కొట్టగానే ఫైలు మీద ఒక డిలీట్ మార్కర్ పడుతుందంతే, పాత వెర్షన్ లోపల భద్రంగా ఉంటుంది. వెర్షన్ ఐడీ ఇచ్చి తీయాలి, లేదా పాత వెర్షన్లు ఇన్ని రోజుల తర్వాత పోవాలని లైఫ్‌సైకిల్ రూల్ పెట్టాలి.

ఫోన్ నంబరుని హ్యాష్ చేసి, అంటే వెనక్కి మార్చలేని కోడ్‌గా మార్చి, ఉంచేస్తే సరిపోతుంది కదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. మన మొబైల్ నంబర్లు పది అంకెలు, 6 నుంచి 9 మధ్య అంకెతో మొదలవుతాయి, అంటే మహా అయితే 400 కోట్లు. సాల్ట్ (హ్యాష్ చేసేముందు కలిపే యాదృచ్ఛిక అక్షరాలు) లేని హ్యాష్‌లైతే వాటన్నిటినీ మామూలు ల్యాప్‌టాప్ మీద కొన్ని గంటల్లో లెక్కగట్టేసి అసలు నంబరు పట్టేయొచ్చు.

ఇక బ్యాకప్‌లు. ఇక్కడే ఎక్కువ మంది దొరికిపోతారు. అమెజాన్ వాళ్ళ డేటాబేస్ సర్వీసు ఆర్డీఎస్‌లో ఆటోమేటిక్ బ్యాకప్‌ని గరిష్ఠంగా 35 రోజులు ఉంచుకోవచ్చు, గడువు దాటినవి వాటంతటవే పోతాయి. చేత్తో తీసిన స్నాప్‌షాట్‌లకి (డేటాబేస్ మొత్తం కాపీలకి) గడువు లేదు, మీరు తీసేదాకా ఏళ్ళ తరబడి ఉంటాయి. పైగా కన్సోల్ ఒకసారికి ఒక రీజియన్‌వే (ఒక ప్రాంతపు డేటా సెంటర్లలోవే) చూపిస్తుంది: ముంబై రీజియన్‌లో అన్నీ తీసి చేతులు దులుపుకుంటారు, ఎప్పుడో హైదరాబాద్ రీజియన్‌కి కాపీ చేసింది అక్కడే పడి ఉంటుంది. రెండు రీజియన్లూ తెరిచి చూడండి. బ్యాకప్ ఫైలు లోపలికెళ్ళి ఒక్క మనిషిని తీయడం కుదిరే పని కాదు, కాబట్టి బ్యాకప్‌ల వయసు తగ్గించడమే దారి. చిన్న షాపుకి 14 రోజులు చాలని నా అభిప్రాయం.

కానీ అసలు చిక్కు రీస్టోర్ చేసినప్పుడు వస్తుంది. సర్వర్ పడిపోయింది, వారం కిందటి బ్యాకప్ ఎక్కించారు, షాపు మళ్ళీ నడిచింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఈ వారంలో మీరు తీసేసిన మనుషులంతా ఆ బ్యాకప్‌తో పాటు తిరిగొచ్చేశారు. తర్వాత షాపుకి ఫోనొస్తుంది: “నా నంబరు తీసీమన్నాను కదా బావూ, మరి సిరిమాను పండక్కి ఆఫరని మళ్ళీ మెసేజొచ్చిందేటి?” ఆయనకి బ్యాకప్ గురించి చెప్పి లాభం లేదు, మాటిచ్చి తప్పారన్నదే ఆయనకి కనిపిస్తుంది, అది నిజం కూడా. దీనికి మందు తేలికే. తీసేసిన కస్టమర్ ఐడీలు, తేదీలు మాత్రమే ఉండే చిన్న జాబితాని ప్రధాన డేటాబేస్‌తో సంబంధం లేని చోట ఉంచండి. అందులో పేరు, నంబరు ఏవీ ఉండకూడదు, ఐడీ కూడా యాదృచ్ఛికంగా పుట్టిందై ఉండాలి. ఎప్పుడు రీస్టోర్ చేసినా, యాప్‌ని జనానికి తెరవకముందే ఆ జాబితాలో ఉన్న ప్రతి ఐడీ మీదా డిలీట్ స్క్రిప్టు మళ్ళీ నడవాలి. రీస్టోర్ స్క్రిప్టులోనే దీన్ని ఒక మెట్టుగా రాసెయ్యండి, మనిషి గుర్తుంచుకుంటాడని వదిలెయ్యొద్దు.

లాగుల విషయంలో ఒక్క మాట: అమెజాన్ క్లౌడ్ లాగులు దాచే క్లౌడ్‌వాచ్‌లో లాగులకి గడువు మీరు పెట్టకపోతే అవి ఎప్పటికీ ఉంటాయి. గడువు పెట్టండి, అసలు నంబర్లు, అడ్రసులు లాగుల్లోకి వెళ్ళకుండా కోడ్‌లోనే ఆపండి. రిపోర్టుల కోసం గూగుల్ వాళ్ళ బిగ్‌క్వెరీ వాడేవాళ్ళకి టైమ్ ట్రావెల్ (తీసేసిన డేటాని వెనక్కి తెచ్చుకునే వీలు) మామూలుగా 7 రోజులు, ఆపైన ఫెయిల్‌సేఫ్ (అత్యవసరానికి ఉంచే కాపీ) ఇంకో 7 రోజులు ఉంటుంది, కాబట్టి పూర్తిగా పోవడానికి పడే సమయంలో ఇదీ కలుపుకోండి. ల్యాప్‌టాప్‌లో టెస్టింగ్ కోసం దింపుకున్న అసలు డేటా ఉంటే ఈరోజే తీసెయ్యండి.

ల్యాబులకి పనిచేసేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మన ఉద్దానం వైపు, కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళని కుదిపేసిందో అందరికీ తెలుసు. అక్కడ ఒకరి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష) రిపోర్టు బయటపడితే పెళ్ళి సంబంధం ఆగిపోవచ్చు, ఉద్యోగం పోవచ్చు. ఇలాంటి డేటాకి ఒక్కో పేషెంటుకీ ఒక్కో తాళంచెవితో ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ తాళంచెవుల్ని విడిగా, తక్కువ రోజుల బ్యాకప్‌తో ఉంచండి. తీసెయ్యమన్నప్పుడు, చట్టం ఉంచమన్న గడువు అయిపోయి ఉంటే, ఆ తాళంచెవిని చెరిపేస్తే పాత బ్యాకప్‌ల్లో ఉన్న రిపోర్టులు కూడా ఎవరికీ చదవడానికి రావు. పని ఎక్కువే, అయినా ల్యాబ్ యాప్‌కి ఇది చెయ్యాల్సిందే.

అంతా అయ్యాక ఆ ఐడీతో, నంబరుతో ప్రతిచోటా మళ్ళీ వెతికి, చట్టం కోసం విడిగా ఉంచినవి తప్ప ఏమీ రాలేదని తేదీతో రాసి పెట్టుకోండి. కొరియర్, మెసేజ్ సర్వీసు వాళ్ళకి తీసెయ్యమని మెయిల్ పంపి, వాళ్ళ జవాబు కూడా దాచుకోండి. కస్టమర్‌కి తెలుగులోనే చెప్పండి, ఇలా ఉంటే చాలు:

“నమస్కారమండీ. మీరు కోరినట్టు మీ పేరు, ఫోన్ నంబరు, అడ్రసు, డెలివరీ నోట్సు మా యాప్‌లోంచి తీసేశాం, ఇకపై మీకు మెసేజీలు రావు. మీ పాత బిల్లులు జీఎస్టీ చట్టం కోసం, కొన్ని రికార్డులు డేటా రూల్స్ కోసం విడిగా ఉంచాం, వాటిని ఇంక దేనికీ వాడం, గడువు తీరగానే అవీ తీసేస్తాం. బ్యాకప్ కాపీలు 14 రోజుల్లో పోతాయి. మళ్ళీ ఏదైనా మెసేజ్ వస్తే ఈ నంబరుకే చెప్పండి.”

ఇందులో 14 రోజులు అన్నచోట మీ బ్యాకప్ సెట్టింగ్‌లో నిజంగా ఉన్న అంకె వెయ్యండి, పంపేముందు కన్సోల్ తెరిచి చూసుకుని మరీ.