అంబాసిడర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ లీకేజ్: గాస్కెట్ కన్నా ముందు వాషర్లు చూడండి

ఇదంతా పాత 1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్ గురించి, అంటే బీఎంసీ బీ సిరీస్ ఇంజన్ ఉన్న బండి. ఇసుజు 1.8 ఉన్నోళ్లకి ఇది పనికిరాదు. ఇన్‌టేక్ మానిఫోల్డ్ అంటే కార్బొరేటర్ నుంచి ఇంజన్ హెడ్‌కి (ఇంజన్ పై భాగం) గాలి, పెట్రోల్ తీస్కపోయే పైపుల ముక్క, గాస్కెట్ అంటే ఆ రెండిటి మధ్యల పెట్టే పలచటి సీలు.

ఐడిలింగ్‌లో ఇంజన్ ఎక్కుతూ దిగుతూ ఉంటది, చోక్ కొంచెం లాగితే మంచిగ అయితది, కార్బొరేటర్‌లోంచి అప్పుడప్పుడు టప్ మని కొడతది. ఇట్లుంటే ఎక్కడో గాలి దొంగతనంగా లోపలికి పోతున్నట్టు. ఉస్తాద్ దగ్గరికి తీస్కపోతే ముందు కార్బొరేటర్ విప్పుతడు, కానీ మీరు ప్లగ్గులు విప్పి చూడండి. ఈ హెడ్‌లో ఇన్‌టేక్ పోర్టులు రెండే, ముందుది 1, 2 సిలిండర్లకి, వెనకది 3, 4కి. 1, 2 ప్లగ్గులు గాలి ఎక్కువై తెల్లగ ఉండి మిగతా రెండు గోధుమరంగులో ఉంటే లీక్ ముందు పోర్ట్ దగ్గరే, నాలుగూ తెల్లగుంటే కార్బొరేటర్ కింది గాస్కెట్టో, డిస్ట్రిబ్యూటర్‌కి పోయే వాక్యూమ్ పైపో చూడాలె.

ఖాయం చేసుకోడానికి పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి వెంటనే, మొక్కలకి కొట్టే స్ప్రే బాటిల్‌తో మానిఫోల్డ్ అంచుల మీద నీళ్లు కొట్టండి, లీక్ ఉన్నకాడ ఒక్క క్షణం ఇంజన్ సౌండ్ మారుతది. యూట్యూబ్‌లో కార్బ్ క్లీనర్ కొడతరు, మన ఇంజన్‌లో పొగ బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కూడా అదే పక్కన, అదే గాస్కెట్ మీద ఉంటది, మంటలు లేస్తయ్, ఆ పని వద్దు.

విప్పేటప్పుడు ముందు బ్యాటరీ తీసేయండి, నట్లకి రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచండి. నట్లు ఇంచుల సైజువి, 5/16 స్టడ్ (హెడ్‌లోంచి బయటికొచ్చే మరమేకు) మీద హాఫ్ ఇంచ్ స్పానర్ పడతది, 13 నంబర్ పెడితే పట్టినట్టే ఉండి మూలలు కొట్టేస్తది. కార్బొరేటర్, సైలెన్సర్ పైపు విడగొట్టి రెండు మానిఫోల్డ్‌లూ బయటికి తీయండి, పోర్టుల్లో వెంటనే గుడ్డలు కుక్కండి, ఒక్క వాషర్ లోపలపడితే హెడ్ దింపాల్సిందే. పాత గాస్కెట్‌లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి పొడిగ గీకొద్దు, వైర్ బ్రష్ అసలొద్దు, తడిపి మెల్లగ తీయండి.

ఇప్పుడు అసలు సంగతి. ఇన్‌టేక్ అల్యూమినియం, ఎగ్జాస్ట్ కాస్ట్ ఐరన్, పక్కపక్కన ఉన్న రెండిటి చెవుల (స్టడ్ దగ్గరికొచ్చే అంచుల) మీద ఒకే మందపాటి వాషర్ కూర్చుంటది, సగం దీని మీద సగం దాని మీద. రెండు చెవుల మందం సమానంగ ఉంటేనే ఆ వాషర్ రెండిటినీ నొక్కుతది. 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీ మూతపడ్డది, ఇప్పుడు హైదరాబాద్‌ల పుత్లీబౌలిలోనో రాణిగంజ్‌లోనో దొరికే ఎగ్జాస్ట్ ఎవరు పోతపోసిందో ఎవరికెరుక, చెవి అర మిల్లీ మందం ఎక్కువున్నా వాషర్ వంకరగ కూర్చుని ఎగ్జాస్ట్‌నే పట్టుకుంటది, ఇన్‌టేక్ వదులుగ ఉండిపోతది. మీరు ఎంత గట్టిగ బిగిస్తే అంత వంగుతది తప్ప లీక్ ఆగదు, అందుకే కొందరికి గాస్కెట్లు ఎన్ని మార్చినా మళ్లా అదే గోల.

వెర్నియర్‌తో ప్రతి చెవి కొలవండి. తేడా ఉంటే మందం ఉన్న చెవిని వాషర్ కూర్చునే వైపు ఆకురాయితో తగ్గించండి, గాస్కెట్ వైపు ముట్టొద్దు. లేదంటే లేత్ షాపులో వాషర్‌కే ఒక పక్క ఆ తేడా అంత మెట్టు తీయించండి, నాకైతే ఇదే నచ్చుతది, తప్పుపోతే వాషరే పోతది గానీ మానిఫోల్డ్ పోదు.

తర్వాత గాస్కెట్ కూర్చునే ముఖం మీద స్టీల్ స్కేల్ నిలబెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) దూర్చండి. 0.1 మిల్లీ దూరకపోతే చాలు, అంతకన్నా ఎక్కువుంటే బాలానగర్‌లో ఏదైనా మెషిన్ షాపులో ఆ ముఖం చదునుగ ఫేసింగ్ చేయించండి. మీ బండిలో రెండు మానిఫోల్డ్‌లూ మధ్యలో బోల్టులతో కలిసుంటే ఆ బోల్టులు వదులుగ ఉంచే హెడ్‌కి బిగించి, ఆఖర్న అవి టైట్ చేయాలె.

బిగింపు మధ్య నుంచి బయటికి, కొంచెం కొంచెంగ, 15 అడుగు-పౌండ్లు చాలు, దానికోసం పైపు తొడిగి ఊగొద్దు. ఇత్తడి నట్లే వాడండి, ఇనపవి స్టడ్‌కి అతుక్కుపోతయ్. ఇన్‌టేక్ వైపు సిలికాన్ పూయొద్దు, పెట్రోల్ తగిలి ఉబ్బి ముక్కలై లోపలికి పోతది. ఎలాగూ విప్పినం కాబట్టి పాత రబ్బర్ పైపులు కూడా మార్చేయండి, ఇప్పుడొచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కి పాత రబ్బర్ ఆగదు. కార్బొరేటర్ కింద ఉండే వేడి ఆపే దిమ్మె పగిలిందేమో కూడా చూడండి, మన మే నెల ఎండల్లో సిగ్నల్ దగ్గర బండి ఆగిపోడానికి అదొక కారణం.

ఒకసారి బాగా వేడెక్కించి, పూర్తిగ చల్లారినాక నట్లు మళ్లా చూడండి, కొంచెం దిగుతయ్. లీక్ ఉన్నప్పుడు ఎవరో ఒకరు మిక్చర్ రిచ్ (పెట్రోల్ ఎక్కువ) చేసే ఉంటరు, అది వెనక్కి తేవాలె. ఎస్‌యూ కార్బొరేటర్ అయితే ఇంజన్ వేడిగ ఉన్నప్పుడు కార్బొరేటర్‌లోని పిస్టన్‌ని మిల్లీ కన్నా తక్కువ లేపండి: స్పీడ్ పెరిగి అట్లనే ఉంటే రిచ్, ఆగిపోబోతే లీన్ (పెట్రోల్ తక్కువ), కొంచెం పెరిగి మామూలైతే కరెక్ట్. రిచ్ ఉంటే కింది జెట్ నట్ పైకి, లీన్ ఉంటే కిందికి, ఒక్కో పలక చొప్పున తిప్పి మళ్లా చూస్కోండి.